గొలుసు ప్రార్థనలో నా వంతు

మా మేట్రనమ్మ గొంతు పెంచి మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు. మదనపల్లెలో నేను పనిచేసిన ఆసుపత్రి చిన్నది, ఒక ట్రస్టు వాళ్ళు నడిపేవాళ్ళు. ఇప్పుడది లేదు, ఆ స్థలంలో షాపులు వచ్చాయి. తొంభైల్లో మాత్రం దానికి మంచి పేరు. చూడడానికి వచ్చిన పెద్దమనుషులంతా ఒకటే మాట అనేవాళ్ళు, ఇంత ప్రశాంతంగా ఉండే ఆసుపత్రిని ఎక్కడా చూడలేదని. నిజమే, అక్కడ ఎవరూ ఎవరినీ తిట్టేవాళ్ళు కాదు. తిట్లన్నీ పొద్దున ప్రార్థనలోనే అయిపోయేవి.

డ్యూటీ మారే వేళకు నర్సులు, ఆయాలు, కాంపౌండరు, వాచ్‌మన్, అందరం ఓపీ హాలులో బెంచీల మీద కూర్చోవాలి. ఒక పాట, ఒక వాక్యం, ఆ తర్వాత కళ్ళు మూసుకుంటే మేట్రనమ్మ ప్రార్థన మొదలయ్యేది. మొదట దేశం కోసం, తర్వాత వానల కోసం, తర్వాత మంచాల మీద ఉన్నవాళ్ళ కోసం. చివర్న మా కోసం. "ప్రభువా, నిన్న సెలైన్ అయిపోయి గొట్టంలోకి రక్తం ఎక్కేదాకా చూసుకోని నీ బిడ్డకు మెలకువగల మనసునియ్యి తండ్రీ" అనేది, ఎంతో మెత్తగా. పేరు ఒక్కటే చెప్పదు. ఏ వార్డు, ఏ మంచం, ఆ బిడ్డ ఏ ఊరి నుంచి వచ్చింది, అన్నీ చెబుతుంది. గుర్తులు చెప్పకపోతే ప్రభువు ఆ మెలకువ ఇంకెవరికైనా ఇచ్చేస్తాడని ఆమె భయమేమో అని మేం డ్యూటీ గదిలో నవ్వుకునేవాళ్ళం. ఆ నవ్వు మన వంతు వచ్చేదాకానే.

నా వంతు చేరిన కొత్తలోనే వచ్చింది. మాది పుంగనూరు. ఒకరోజు బస్సు దారిలో పంచరై, హాలులోకి అడుగుపెట్టేసరికి పాట అయిపోయింది. మర్నాడు మేట్రనమ్మ, "పుంగనూరు బస్సు మీద నెపం పెట్టి ఆలస్యంగా వచ్చే నీ బిడ్డకు సమయం విలువ నేర్పించు తండ్రీ" అంది. నేను చిన్నప్పట్నుంచి సంఘంలో పెరిగినదాన్ని, మంచి విన్నపం చెవిన పడితే నోరు దానంతటదే తెరుచుకుంటుంది. అందరికంటే గట్టిగా ఆమెన్ అన్నాను. పక్కనున్న సిస్టరు తొడ గిల్లింది. ఆ బిడ్డ నేనేనని అప్పటికిగానీ తెలియలేదు. ప్రార్థన అయ్యాక వెళ్ళి, "అమ్మా, నిజంగానే బస్సు పంచరైంది" అన్నాను.

"నేను నిన్నేమన్నా అంటినా తల్లీ? నేను మాట్లాడింది ప్రభువుతో గదా" అంది ఆమె, నా భుజం నిమిరి.

ఆమె చెడ్డమనిషి కాదు. పెళ్ళి చేసుకోలేదు, ఆసుపత్రే ఇల్లు. మాలో ఎవరికైనా జ్వరమొస్తే రాగి గంజి తనే కాచి హాస్టలు గదికి తెచ్చి తాగించేది. అందుకే ఆమె మీద కోపం తెచ్చుకోవడానికి కూడా కుదిరేది కాదు. కోపం తెచ్చుకోలేక, జవాబు చెప్పలేక, మేమంతా దాచిపెట్టడం నేర్చుకున్నాం. జ్వరం చూసే థర్మామీటరు చెయ్యి జారి పగిలితే మంచం కిందికి ఊడ్చేసేవాళ్ళం. ఒకరికి ఎక్కించాల్సిన సీసా ఇంకొకరికి ఎక్కిస్తే, ఎవరూ చూడకముందే పీకేసి ఏమీ జరగనట్టు నిలబడేవాళ్ళం. దాచలేకపోయినవాళ్ళ సంగతి ఎవరో ఒకరు మేట్రనమ్మకు చేరవేసేవాళ్ళు. ఎందుకంటే రేపటి ప్రార్థనలో ఎవరో ఒకరు ఉండాలి కదా, అది మనం కాకుంటే చాలు. భోజనాల దగ్గర అందరం కలిసే కూర్చునేవాళ్ళం కానీ ఒకరి ముందు ఒకరం నోరు విప్పేవాళ్ళం కాదు.

కొన్నేళ్ళకు నాకు ఇంకో విద్య వచ్చింది. ప్రార్థనలో కళ్ళతో పాటు చెవులు కూడా మూసుకోవడం. ఆమె నా గురించి చెబుతున్నా వినపడేది కాదు. అది ఓర్పు అనుకున్నాను, ఎదిగాననుకున్నాను. అది మొద్దుబారడమని తెలియడానికి చాలాకాలం పట్టింది. వార్డులో ఎవరైనా చనిపోతే వాళ్ళవాళ్ళు గుండెలు బాదుకుంటుంటే, నేను మంచం దుప్పటి మార్చడం గురించి ఆలోచించేదాన్ని.

ఆ తొంభైల చివర్లోనే నాకు పెళ్ళయింది. మా ఆయనకు కుప్పంలో గ్రానైటు రాళ్ళకు పాలిష్ పట్టేచోట పని. పాప పుట్టాక నేను పుంగనూరులో మా అమ్మ దగ్గరే ఉండి, పొద్దున బస్సుకు మదనపల్లె వచ్చి సాయంత్రం బస్సుకు పోయేదాన్ని. ఆయన సెలవు దొరికినప్పుడు కుప్పం నుంచి వచ్చేవాడు. మధ్యాహ్నం అయ్యేసరికి నాకు పాలు చేపుకొచ్చి రవిక తడిసేది. లోపల దూది పెట్టుకుని, పైన యూనిఫాం మీద ఫైలు అడ్డం పట్టుకుని తిరిగేదాన్ని. ఇంటికి పోగానే చెప్పులు విడవకముందే పాప నా మీదికి పాకేది.

ఒక మధ్యాహ్నం వి.కోట వైపు నుంచి వచ్చిన లారీ డ్రైవరుకు ఇంజెక్షన్ చేశాను. ఎన్నాళ్ళుగానో తగ్గని జ్వరం, మనిషి ఎండిపోయి ఉన్నాడు. వాడిన సూదికి మళ్ళీ మూత పెట్టాలని మాకు అప్పట్లో నేర్పినారు. మూత పెడుతుండగా పక్క మంచం మనిషి "సిస్టరమ్మా" అని పిలిచాడు. తల తిప్పాను. సూది నా ఎడమ చేతి చూపుడువేలిలో దిగింది. చిన్న రక్తపు చుక్క. కొళాయి కింద వేలు పట్టుకుని పిండాను, స్పిరిట్ రాసుకున్నాను, పని చూసుకున్నాను. ఇలాంటివి మాకు కొత్త కాదు. చెప్పడం మాత్రం ఎవరికీ అలవాటు లేదు.

డ్రైవరును మర్నాడు పెద్దాసుపత్రికి పంపించారు. వారం తర్వాత అతని భార్య పాత కాగితాల కోసం వచ్చింది. వార్డు తలుపు దగ్గర నన్ను ఆపి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "ఆ జబ్బేనంట సిస్టరమ్మా. ఎయిడ్సంట. ఎవురికీ చెప్పొద్దు" అంది. చెప్పనని ఆమె చెయ్యి పట్టుకున్నాను. కాగితాలు వెతికి ఇచ్చాను. ఆ తర్వాత బాత్రూములోకి పోయి తలుపేసుకుని, వేలి వైపు చూసుకుంటూ నిలబడ్డాను. మచ్చ కూడా లేదు. ఆ వారమంతా పాపకు పాలిచ్చాను.

ఇప్పుడయితే సూది గుచ్చుకున్న వెంటనే వేసుకునే మాత్రలున్నాయి. అప్పుడు మా దగ్గర అలాంటివి లేవు. మూడు నెలలు ఆగి పరీక్ష చేయించుకోవడం ఒక్కటే దారి. మేట్రనమ్మకు చెబితే ఆమె తోడుండేది, అది నాకు తెలుసు. కానీ రేపు పొద్దున ప్రార్థన నా చెవిలో అప్పుడే వినబడుతోంది. చంటిబిడ్డ తల్లియై ఉండి ఏమరుపాటున అపాయం తెచ్చుకున్న నీ బిడ్డను క్షమించు తండ్రీ. అందరూ ఆమెన్ అంటారు. మధ్యాహ్నానికి వంటగదిలో నా గ్లాసు వేరే పెడతారు. ఆ రోజుల్లో ఆ జబ్బు పేరంటే అంత భయం. చెప్పలేదు.

ఆ సాయంత్రం ఇంటికి పోయేసరికి పాప పాక్కుంటూ వచ్చి నా చీర కుచ్చిళ్ళు పట్టుకుంది. ఎత్తి మా అమ్మకు ఇచ్చేశాను.

"ఆకలికి ఏడస్తాండాది బిడ్డ. పాలియ్యి" అంది అమ్మ.

"ఇయ్యకూడదు. నేను మాత్రలు మింగతాండాను."

"ఏం మాత్రలు? ఎందుకు మింగతాండావు?"

"ఏవో ఉన్నాయిలేమ్మా. మాన్పించాల్సిందే."

అమ్మ నా మొహంలోకి చూసింది. ఇంకేమీ అడగలేదు. అమ్మకు చెప్పకపోవడానికి కారణం కూడా ప్రార్థనే. మా అమ్మ నోరున్న మనిషి, ఆవు ఈనకపోతే పక్క వీధికి వినబడేట్టు ప్రార్థన చేస్తుంది, ఆదివారం సంఘంలో నిలబడి అందరి విన్నపాలూ పేరుపేరునా చెబుతుంది. నా సంగతి తెలిస్తే పుంగనూరంతా మోకాళ్ళ మీద ఉంటుందనుకున్నాను. పాప ఏడుస్తూనే ఉంది. నేను పోయి వీధి మెట్టు మీద కూర్చున్నాను. పాలు చేపి రవిక తడిసి పొట్ట మీదికి కారింది. ఏడుపు వస్తుందేమోనని చూశాను, రాలేదు.

ఆవు పాలు పాపకు పడలేదు, విరేచనాలు పట్టుకున్నాయి. మదనపల్లె నుంచి పాలపొడి డబ్బా తెచ్చాను. "పుంగనూర్లో ఉండి డబ్బా పాలా! ఆవు విన్నదంటే తన్నతాది" అని అమ్మ గొణిగింది గానీ, తనే నీళ్ళు కాచి కలిపి తాగించింది. పాపను పక్కలో పడుకోబెట్టుకునేది కూడా తనే, ఎందుకంటే నా వాసన తగిలితే పాప పాలకోసం వెతుక్కునేది. మా ఆయన వచ్చినప్పుడు నేను చాప తీసుకుపోయి అమ్మ గదిలో పరుచుకున్నాను. "ఏమైందే నీకు?" అన్నాడొకసారి. ఒళ్ళు బాగాలేదన్నాను. రెండోసారి అడగలేదు, రావడం తగ్గించాడు.

ఆ వారాలు ఎలా గడిచాయో చెప్పమంటే చెప్పడానికేమీ లేదు. తిన్నాను, బస్సెక్కాను, ఇంజెక్షన్లు చేశాను. పొద్దున బెంచీ మీద కళ్ళు మూసుకున్నాను. పాలు ఎండిపోయాయి. ఆరోజు నుంచి దూది పెట్టుకోవడం మానేశాను, అంతే.

మా వార్డు ఆయా ఒకామె ఉండేది, నాకంటే చాలా పెద్దది, ఆసుపత్రి తెరిచినప్పటి నుంచి ఉన్న మనిషి. ఒకరోజు తడిగుడ్డ పిండలేక అవస్థ పడుతుంటే చూశాను. కుడిచేతి బొటనవేలికి పసుపు రాసి గుడ్డపేలిక చుట్టుకుంది. వేలు వాచి నిగనిగలాడుతోంది.

"ఏమైంది?" అన్నాను.

"ఏం లేదు సిస్టరమ్మా, ముల్లు."

"ముల్లు ఇట్ల చీము పట్టదు. చూపించు."

కాసేపు గుంజులాడి చివరికి చెప్పింది. మేం వాడిన దూది, సూదులు అన్నీ ఒకే బక్కెట్లో పడేసేవాళ్ళం. అది చేత్తో తీసి వేరు చేయడం ఆమె పని. అందులో సూది గుచ్చుకుంది. "మేట్రనమ్మకు చెప్పొద్దమ్మా, నీ కాళ్ళు పట్టుకుంటా" అంది. "పొద్దున్నే నన్ను దేవుని ముందర నిలబెడ్తాది. రెండు దెబ్బలు కొట్టమను, తింటా. అందురూ కళ్ళు మూసుకోని వింటాంటే నాకు సచ్చిపోయినట్టుంటాది."

నాకు కోపం వచ్చింది. ఎన్నో నెలల తర్వాత వచ్చిన కోపం. మేట్రనమ్మ మీదా, ఆయా మీదా, నా మీదా, ఎవరి మీదో నాకే తెలియలేదు. కానీ ఒంట్లో ఏదో ఒకటి కదిలినందుకు బాగుందనిపించింది. ఆయాను డ్రెస్సింగు గదిలోకి తీసుకుపోయి, చీము తీసి కట్టు కట్టి, టీటీ ఇంజెక్షన్ చేశాను. కట్టు కడుతూ కడుతూ, "నాకూ గుచ్చుకునింది" అన్నాను. ఆ లారీ డ్రైవరు సంగతి చెప్పాను, పాపకు పాలు మానిపించిన సంగతి చెప్పాను. ఆయా కట్టు కట్టిన చేత్తోనే నా మణికట్టు పట్టుకుని అట్లే కూర్చుంది. మా ఇంట్లోవాళ్ళ కంటే ముందు నా సంగతి విన్నది ఆమే.

ఆ తర్వాత డ్యూటీ గదిలో ఒక్కొక్కరినీ మెల్లగా అడగడం మొదలుపెట్టాను. సూది గుచ్చుకోనివాళ్ళు మాలో ఒక్కరు కూడా లేరు. ప్రతివాళ్ళూ తమకొక్కరికే జరిగిందనుకున్నారు. అయితే ఇప్పుడేం చేద్దామంటే ఎవరికీ పాలుపోలేదు. మేట్రనమ్మ గదికి గుంపుగా పోవడం మాకు తెలియని పని, అలా పోతే ట్రస్టు వాళ్ళు యూనియన్ అంటారు. నాకు తట్టిన ఉపాయం మా ఆసుపత్రిలో తప్ప ఇంకెక్కడా పనికిరాదు.

ప్రతి శుక్రవారం మాకు గొలుసు ప్రార్థన ఉండేది. అందరం గుండ్రంగా కూర్చుని, ఒకరి తర్వాత ఒకరు రెండు మాటలు ప్రార్థన చేయాలి. ప్రార్థన రానివాళ్ళు, ఇష్టంలేనివాళ్ళు మోచేత్తో పక్కవాళ్ళను తడితే వంతు వాళ్ళకు పోతుంది. గొలుసు చివర మేట్రనమ్మ. నేను ఎన్నేళ్ళుగానో మోచెయ్యి బ్యాచే, నా వంతు వచ్చిందో లేదో పక్కకు తోసేసేదాన్ని. ప్రార్థనలో ఉన్న మనిషికి ఎవరూ అడ్డం రాకూడదు, అదే మేట్రనమ్మ బలం. అది మాకూ బలమే అవుతుందని ఇన్నేళ్ళలో మాకెవరికీ తోచలేదు. ఒకటే కట్టుబాటు చేసుకున్నాం. ఎవరి సంగతి వాళ్ళే చెప్పాలి, ఇంకొకరి మాట ఎత్తకూడదు.

ఆ శుక్రవారం పక్క సిస్టరు మోచెయ్యి తగిలింది. నేను తోయలేదు. ప్రార్థనకు మేం వాడే పుస్తకాల భాష ఒక్క ముక్క కూడా రాలేదు, ఇంట్లో మాట్లాడే మాటే వచ్చింది. "ప్రభువా, నాకు సూది గుచ్చుకునింది. ఆ మనిషికి ఎయిడ్స్ ఉండాది. నాకు వచ్చిందో లేదో తెలీదు. నా బిడ్డకు పాలు మాన్పించినాను. పొద్దున ప్రార్థనలో పెడతారని ఎవురికీ చెప్పలేదు. మాకు సూదులేసేదానికి మూతుండే డబ్బా కావాల. ఆయాలకు గ్లౌజులు కావాల. ఆమెన్."

ఆమెన్ అన్నది నేనొక్కదాన్నే. నా మోచెయ్యి ఆయాకు తగిలించాను. "ప్రభువా, నాకూ గుచ్చుకునింది" అంది ఆయా. ఆ తర్వాత ఒక సిస్టరు పగిలిన థర్మామీటర్ల సంగతి చెప్పింది. ఆ తర్వాతామె ఏడుస్తూ, సీసా మారిపోయిన ముసలామె సంగతి చెప్పింది, ముసలామెకు ఏమీ కాలేదని కూడా చెప్పింది. కాంపౌండరు గొంతు సవరించుకుని, మందుల అలమరలో గడువు తీరినవి వెనక్కి తోసి పెడుతున్నానన్నాడు. వాచ్‌మన్‌కు మా ఏర్పాటు సరిగ్గా అర్థం కాలేదు, "ప్రభువా, నేను గేటు కాడ నిద్రపోతాండాను, అయినా సలికాలం వస్తాండాది, ఒక దుప్పటి ఇప్పించు" అన్నాడు. నవ్వు ఆపుకోలేక ఒకరిద్దరు దగ్గారు.

గొలుసు మేట్రనమ్మ దగ్గరికి వచ్చింది. ఆమె ప్రార్థన అందరికంటే పొడుగ్గా ఉండేది ఎప్పుడూ. ఆ రోజు చాలాసేపు ఏమీ వినబడలేదు. చివరికి "ఆమెన్" అంది, అంతే. కళ్ళు తెరిచి చూస్తే ఆమె చేతులు ఒళ్ళో పెట్టుకుని మా వైపు చూస్తోంది.

"డబ్బా కోసం కూడా ప్రభువునే అడగల్నా? నన్నడిగితే ఇయ్యనా తల్లీ?" అంది.

"అడిగితే రేపు పొద్దున మమ్మల్ని ప్రార్థనలో పెడతారమ్మా" అన్నాను. అంత తేలిగ్గా నోట్లోంచి ఎలా వచ్చిందో తెలియదు.

ఆమె ముఖం పాలిపోయింది. "ఒకర్ని ఒక మాట అనగూడదని గదా నేను దేవునితో చెప్పుకున్నది" అంది. "నేను ట్రైనింగులో ఉన్నప్పుడు మా మేట్రను అందరి ముందర అరిచేది. సచ్చినా అట్ల అరవగూడదనుకుంటి." లేచి తన గదిలోకి పోయింది. ఆమెను చూస్తే జాలేసింది. జాలి వేయగానే భయం కూడా వేసింది, మాట వెనక్కి తీసుకుంటానేమోనని.

మర్నాటి నుంచి అంతా మారిపోయిందని చెబితే అబద్ధం. మరుసటి వారమే ఒక పొద్దున ఆమె, "ప్రభువా, నిన్న వార్డులో నీ బిడ్డ" అని మొదలుపెట్టింది. ఆయా కళ్ళు తెరిచి నన్ను మోచేత్తో తట్టింది. నేను తెరిచాను. మోచేతులతో ఒకరినొకరం తట్టుకుని అందరం తెరిచాం. కళ్ళు మూసుకుని ఉన్నది మేట్రనమ్మ ఒక్కతే. ఏం తెలిసిందో, ఆ మాట అక్కడే ఆపి వానల కోసం ప్రార్థించింది. ఆ తర్వాత మేమే పోయి అడిగాం. ప్రార్థనలో మా ఊసు వద్దమ్మా, ప్రార్థన అయ్యాక కళ్ళు తెరుచుకుని టేబుల్ చుట్టూ నిలబడి, నిన్న ఎవరికి ఏం జరిగిందో వాళ్ళే చెబుతారు, మళ్ళీ జరగకుండా ఏం చేయాలో అందరం చూద్దాం అన్నాం. ఆమె సరేనంది. మూతున్న డబ్బా ట్రస్టు వాళ్ళు పంపేదాకా ఆగకుండా, ఇంట్లో అయిపోయిన పాలపొడి డబ్బా తెచ్చి, మూతకు రంధ్రం చేసి వార్డులో పెట్టాను. సూదులు నేరుగా అందులోకే. ఆయాను మేట్రనమ్మే స్వయంగా వెంటబెట్టుకుపోయి రక్తపరీక్ష చేయించింది. ఆయాకు ఏమీ లేదు, వేలు కూడా మానింది.

చాడీలు చెప్పేవాళ్ళు కొందరు చాన్నాళ్ళు అలవాటు మానలేదు. ఒక సిస్టరు ఈ గోల నాకెందుకని వేరే ఊరికి పోయింది. ఆ ఏడు చూడడానికి వచ్చిన ట్రస్టు పెద్దమనిషి, ఇదివరకు లాగా ప్రశాంతంగా లేదే, అందరూ మాట్లాడుతున్నారే అని చిన్నబోయాడు. ఆ పొద్దున టేబుల్ దగ్గర మేట్రనమ్మ చెప్పింది కూడా ఒకటుంది. మందుల గది తాళం చెవి చీరకొంగున కట్టుకుని మరిచిపోయి ఆసుపత్రంతా వెతికించింది నేనే అని. మేమెవరం ఆమెన్ అనలేదు, నవ్వాం. ఆమె కూడా నవ్వింది.

తర్వాత రెండువేలు దాటాక కుప్పంలో వేరే ఆసుపత్రిలో చేరాను. అక్కడ ప్రార్థన లేదు, అరుపులే. మొదటి రోజు ఆ అరుపులు విని నాకు ప్రాణం లేచొచ్చింది, తిరిగి ఒక మాట అనొచ్చు కదా. అక్కడా డ్యూటీ మారే వేళ టేబుల్ చుట్టూ నిలబడడం అలవాటు చేశాం. మొదట్లో నేనొక్కదాన్నే నిలబడి నా సంగతి చెప్పుకునేదాన్ని, పిచ్చిదాన్ని చూసినట్టు చూసేవాళ్ళు. మెల్లగా ఒకరిద్దరు వచ్చి నిలబడ్డారు.

మదనపల్లె హాలులో ఆ శుక్రవారం నేను చెప్పిన మాట గేటు దాటలేదు. అది నన్ను ఆశ్చర్యపరిచింది. అంతకు ముందయితే అలాంటి మాట నాకంటే ముందే పుంగనూరు బస్సెక్కేది. సూది గుచ్చుకుని మూడు నెలలు నిండాక పరీక్షకు కుప్పం పోయాను, మదనపల్లె ల్యాబుల్లో అందరూ తెలిసినవాళ్ళేనని. మా ఆయన బస్టాండుకు వచ్చాడు, తలలో ఇంకా రాతి దుమ్ము ఉంది. అక్కడే బెంచీ మీద కూర్చోబెట్టి అంతా చెప్పాను. ఆయన, "నా మీద మనసు లేకుండా పోయిందనుకుంటి" అన్నాడు. ఆ మాటకు నేను బాధపడాలి. పడలేదు, ల్యాబు మూసేస్తారేమోనని లేచాను. మర్నాడు కాగితం ఇచ్చారు. నాకేమీ లేదు. ఆయన రోడ్డు మీదే కళ్ళు తుడుచుకున్నాడు. నాకు ఆకలి వేసింది, ఇద్దరం ఇడ్లీ తిన్నాం. నేను ఒక్కదాన్నే వి.కోట, పలమనేరు మీదుగా పుంగనూరు బస్సెక్కాను. దారి పొడుగునా టమోటా బుట్టలు ఎక్కుతున్నాయి, దిగుతున్నాయి. సంతోషం వస్తుందని ఎదురుచూశాను.

ఇంటికి పోయేసరికి అమ్మ అరుగు మీద అనపకాయలు ఒలుస్తోంది. పాప పక్కన కూర్చుని తొక్కలతో ఆడుకుంటోంది, అప్పటికి పట్టుకుని నిలబడుతోంది. అమ్మ పక్కన కూర్చుని మొదటి నుంచి చివరి దాకా చెప్పాను. కాగితం చూపించాను. అమ్మ చదవలేదు, చేతిలోని కాయ అట్లే పట్టుకుని ఉంది.

"ఆయాకు చెప్తివి. ఆసుపత్రిలో అందురికీ చెప్తివి. నాకు చెప్పకపోతివి" అంది.

"నువ్వు గట్టిగా ప్రార్థన చేస్తావని. సంఘంలో చెప్తావని భయపడితిమ్మా."

అమ్మ నన్ను తేరిపార చూసింది. "ఆవుకు గట్టిగా సేసినా, వానకు గట్టిగా సేసినా. నీ కోసం నేను ఎప్పుడన్నా నోరు తెరిసి సేసినానా? నువ్వు పుట్టినప్పుట్నుంచి నీ మాట పెదవి దాటనిచ్చినానా?" అంది. కాయ ఒలిచి గింజలు చేటలో వేసింది. "బిడ్డకు పాలు మాన్పించినావే, ఆ పొద్దు నుంచి సేస్తానే ఉండా. నీకేమయిందో తెలీకుండానే సేస్తానే ఉండా."

అన్నేళ్ళు ఆ హాలులో కూర్చుని, ప్రార్థనంటే నలుగురిలో మనల్ని నిలబెట్టేదే అని నమ్మిపోయాను. మా అమ్మ ప్రార్థన కూడా అలాంటిదేననుకున్నాను. అప్పుడు వచ్చింది ఏడుపు. ఆపుకోవడం చేతకాలేదు, అరుగు మీద పడి బిగ్గరగా ఏడ్చాను. పాప తొక్కలు వదిలేసి బెదిరిపోయి, గోడ పట్టుకుని వెళ్ళి మా అమ్మ వీపు వెనక దాక్కుంది. రమ్మని చెయ్యి చాపాను. రాలేదు. నా దగ్గరికి తనంతట తాను రావడానికి దానికి ఇంకా చాలా రోజులు పట్టింది.